మెట్ల మీది బొంత

జులై 9, మంగళవారం

యశోద పదకొండో రోజు అయింది. అంగడి తెరవలేదు. రాబడి లేదు. ఖర్చు వేరే పేజీలో రాశాను.

పొద్దున్నే చిత్రావతికి పోయాం. దాన్ని నది అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నీళ్ళు పోయి చాలా కాలమైంది. ఇసుకను కూడా లారీల్లో ఎత్తుకుపోయారు. మిగిలింది సీమజాలి కంపలు, వాటి కింద సీసాలు. ఒడ్డున పార్కు కట్టినప్పుడు నదిలోకి దిగడానికి నల్లరాతి మెట్లు కట్టారు. మెట్లు బాగున్నాయి. దిగితే దుమ్ములోకి దిగుతాం. స్నానానికని పార్కు కొళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. చివరికి నీళ్ళ క్యాన్లు తెప్పించుకుని నెత్తిన పోసుకున్నాం. భార్యకు చెయ్యవలసిన పని క్యాన్ నీళ్ళతో చేశాను.

పెదనాన్న కొడుకు సుబ్బరాయన్న అన్నీ దగ్గరుండి చేయించాడు. ఆయనకు అన్నీ తెలుసు. పోయిన మనిషి పడక ఇంట్లో ఉండకూడదు, నదికి వదలాలి, వదిలి తిరిగి చూడకుండా రావాలి. ఇది మా వాళ్ళ వాడుక. నదిలో నీళ్ళు ఉన్న రోజుల్లో పెట్టిన వాడుక. ఇప్పుడు నదికి వదలడమంటే మెట్ల మీద పెట్టి రావడమే. పక్షవాతంతో పడుకున్న ఏడాదంతా ఆమె వాడినవి పెట్టాం. రెండు చీరలు, చేతికర్ర, చెంబు, బొంత.

"ముందర చూసి నడువు లక్ష్మణా. ఎనక్కి చూడొద్దు" అన్నాడు సుబ్బరాయన్న.

చూడలేదు. మంజుశ్రీ నా వెనక ఏడుస్తూ వచ్చింది. కూతురు ఏడుస్తున్నా తిరిగి చూడలేదు.

జులై 10, బుధవారం

షుగరు ఉంది, నడవాలి అని డాక్టరు ఎప్పటి నుంచో చెప్తున్నాడు. ఈ రోజు మొదలుపెట్టాను. రోడ్డు మీద లారీలు తిరుగుతాయి కాబట్టి పార్కుకు పోయాను.

గేటు ఒక రెక్క లేదు. లోపల పెద్ద బోర్డు మీద నియమాలు, మాది కన్నడ రాష్ట్రం కాబట్టి కన్నడంలో. పూలు కోయరాదు. పార్కు మొత్తంలో పువ్వు లేదు. బెంచీలకు చెక్కలు పీకేసుకుని పోయారు, ఇనుప పక్కటెముకలు మిగిలాయి. పిల్లల జారుడుబండ మధ్యలో తుప్పు తిని బొక్కపడింది. జారిన పిల్లవాడు నేరుగా ఆసుపత్రికి పోతాడు. మరుగుదొడ్డికి తాళం. ఆ తాళం మాత్రం కొత్తది.

దీనికి చిత్రావతి తీర ఉద్యానవనం అని పేరు. నది లేదు, వనం లేదు. తీరం ఒకటి ఉంది, దాన్ని ఎత్తుకుపోవాలని ఇంకా ఎవరికీ తోచలేదు.

మెట్ల వైపు కూడా ఒకసారి తిరిగాను. నడక అన్నాక అన్ని వైపులా తిరగాలి. చేతికర్ర లేదు. చెంబు లేదు. చీరలు లేవు. బొంత ఉంది.

జులై 11, గురువారం

నడిచాను. ఉంది.

జులై 15, సోమవారం

అంగడికి రెండు మోటార్లు వచ్చాయి, రెండూ బోరులో నీళ్ళు లేక ఒట్టిగా తిరిగి కాలిపోయినవే. వైండింగ్ విప్పి పెట్టాను.

పార్కులో ఒక ఎర్రకుక్క బొంత మీద పడుకుని ఉంది. రాయి తీసుకుని విసిరాను. కాలికి తగిలింది. కుంటుకుంటూ పోయింది. పాపం అనిపించలేదు. పార్కు చూసుకోవడానికి ఒక సమితి ఉంది, దానికి ఒక ఆఫీసు ఉంది, ఆఫీసుకు ఫ్యాన్లు ఉన్నాయి. ఒక్క కుక్కను తోలలేరు.

ఆ బొంత ఆమె కుట్టిందే. పాత చీరలు, నా పంచెలు, మంజుశ్రీ బడి లంగా. చుట్టూ ఎర్రదారం. చూపు ఆనేది కాదు, అందుకని సూదిలో దారం నేను ఎక్కించి ఇచ్చేవాణ్ణి. ఆమె చెయ్యి చాచేది, నేను ఇచ్చేవాణ్ణి. ఆ పనిలో మాట అవసరం ఉండేది కాదు.

ఇదంతా ఎందుకు రాశానో తెలియదు.

జులై 19, శుక్రవారం

సమితి ఆఫీసుకు పోయి అర్జి ఇచ్చాను. కన్నడంలో నేనే రాశాను. నేను బడికి పోయింది తక్కువ. కన్నడం బస్సుల బోర్డులు చూసి, తర్వాత మోటారు కంపెనీల కాగితాలు చూసి నేర్చుకున్నాను. తప్పులు ఉంటాయి. ఉండనీ.

అర్పిత అని ఒక అమ్మాయి అధికారి. మంజుశ్రీ కంటే చిన్నది. ముందు కన్నడంలో మాట్లాడింది, నా అర్జి చదివి తెలుగులోకి వచ్చింది.

"మాది మండికల్ అప్పా. ఇంట్లో తెలుగే. కూర్చోండి. బెంచీలు, కొళాయి, కుక్కలు... అన్నీ నిజమే రాసినారు. మీరు దినామూ వస్తారా పార్కుకి?"

"షుగరు."

"మంచిదప్పా. ఆ పార్కుకి నడకకు వచ్చేది మీరొక్కరే అనుకుంటా. అందరూ తాగేకి వస్తారు."

నవ్వింది. నేను నవ్వలేదు. పై నుంచి ఆర్డరు రావాలని చెప్పింది. ఎంత పై నుంచో అడగాలనుకున్నాను, అడగలేదు.

జులై 28, ఆదివారం

చింతామణి నుంచి మంజుశ్రీ ఫోను. "నడుస్తాండావంట కదా నాయనా, యాడికి పోతాండావు?" అని అడిగింది. పరగోడు రోడ్డు అని చెప్పాను. "లారీలు జాస్తి, జాగ్రత్త" అంది. తర్వాత ఇద్దరం కాసేపు ఊరికే ఫోను పట్టుకుని ఉన్నాం. వాళ్ళింట్లో కుక్కరు కూసింది. పెట్టేసింది.

పదకొండో రోజు తర్వాత అమ్మ మాట ఎత్తలేదు. దానికి దాని సంసారం. బడిలో పాఠాలు చెప్పాలి, అత్తగారిని చూసుకోవాలి. అమ్మ జ్ఞాపకానికి తీరిక ఎక్కడిది.

ఆగస్టు 5, సోమవారం

రాత్రి వాన పడింది. నదిలో కాదు, ఊళ్ళో. రోడ్డంతా బురద, నదిలో మాత్రం చుక్క నిలవలేదు.

బొంత తడిసి మెట్టు మీద నుంచి సగం జారిపోయి ఉంది. నదికి వదిలినదాన్ని ముట్టుకోకూడదు కాబట్టి ముట్టుకోలేదు. ఒక కట్టె తీసుకుని సర్దాను. పై మెట్టు మీదికి లాగి పరిచాను, ఎండ తగులుతుందని. కట్టెతో సర్దడం ముట్టుకోవడం కాదు.

ఆగస్టు 11, ఆదివారం

అంగడికి సెలవు. పరగోడుకు పోయి వచ్చాను. అక్కడ ఒక రైతు మోటారు చూడాల్సి ఉంది.

మోటారు బాగానే ఉంది. వచ్చేటప్పుడు ఆనకట్ట దగ్గర ఆగాను. నీళ్ళు మరవకు, కట్ట నిండితే పొర్లిపోయే అలుగుకు, చాలా కింద ఉన్నాయి. మరవ పారితే తప్ప కిందికి మా ఊరి వైపు నీళ్ళు రావు. అక్కడ గొర్రెలు మేపే ముసలాయనను అడిగాను, ఈ ఏడు పారుతుందా అని.

"పారేటట్లయితే ఆకాశం ఇట్ల ఉంటాదా? నీకేం పని నీళ్ళతో? వరిమడి ఉండాదా?"

"లేదు."

"మళ్ళ?"

అందరికీ ప్రశ్నలే.

నాకు కావలసింది ఒక్క గంట నీళ్ళు. వచ్చి, మెట్లు ఎక్కి, తీసుకుపోవాలి. పెట్టిన పనికి అర్థం ఉండాలి కదా. నదికి వదిలామని అన్నం తిని చేతులు కడుక్కున్నాం, నది తీసుకోలేదు. బొంత అక్కడే పడి ఉంది, కుక్కల కింద, తాగుబోతుల కాళ్ళ కింద. ఇంట్లో ఏడాది పడి ఉన్నది చాలలేదా ఆమెకు.

ఆగస్టు 12, సోమవారం

నిన్న రాసింది ఎక్కువైంది. రాబడి, ఖర్చు సరిపోయాయి.

ఆగస్టు 22, గురువారం

లేదు.

మెట్ల కింద, కంపల్లో, మరుగుదొడ్డి వెనక, జారుడుబండ కింద చూశాను. లేదు. నేరుగా ఆఫీసుకు పోయాను. అంగడి తెరవలేదు.

"పార్కులో వస్తువులు పోతాండాయి. కావలి యాడుండాడు?" అన్నాను అర్పితతో.

"ఏం వస్తువులు పోయినాయప్పా?"

"బెంచీల చెక్కలు" అన్నాను.

"అవి పోయి రెండేండ్లయిందప్పా."

పక్కన కూర్చున్న గుమాస్తా నవ్వును దగ్గులోకి తిప్పాడు. వాణ్ణి కొట్టాలనిపించింది. జీవితంలో ఎవరినీ కొట్టలేదు.

ఆగస్టు 24, శనివారం

లేదు. పోతే పోయింది. వదిలిందే కదా. షుగరు కోసం నడుస్తున్నాను, దాని కోసం కాదు.

సెప్టెంబరు 1, ఆదివారం

దొరికింది.

పార్కు కావలి బయ్యప్ప, గేటు పక్కన తలుపు లేని రూములో ఉంటాడు. ఎప్పుడూ కనిపించడు. ఈ రోజు రూము ముందర తీగ మీద బొంత ఆరేసి ఉంది. ఎర్రదారం దూరం నుంచే తెలిసింది.

"బయ్యప్పా, ఇది యాడిది?"

"యాడిదేముందప్పా. మెట్ల మీదది. ఎన్ని దినాలుగానో పడుండాది, ఎవురూ రాలే. చలికాలం వస్తాండాది కదా, ఉతికి ఆరేసినా."

"ఉతికినావా?"

"రెండు తూర్లు. మందుల వాసన పోలేదంటే చూడు."

ఆ వాసన నాకు తెలుసు. ఆమె వీపుకు రోజూ నేను రాసిన నూనె వాసన అది. వాడు సబ్బు పెట్టి ఉతికాడు.

"నదికి వదిలినదాన్ని ఎవరన్నా తీసుకుంటారా?"

"నది వచ్చి తీసుకోలే. నేను తీసుకుంటి."

"తీసుకుపోయి యాడ తీసినావో ఆడనే పెట్టు."

"ఆడ పెడితే కుక్కలు పండుకుంటాయప్పా. నాకంటే కుక్క మేలా?"

"పెట్టు."

బయ్యప్ప నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "మీ ఇంటిదా అప్పా?" అన్నాడు. గొంతు మారింది. ఎగతాళి లేదు దాంట్లో.

"కాదు."

"మళ్ళ నీకేం నొప్పి?"

"నీ మీద అర్జి పెడతా."

"పెట్టప్పా. ఈ రూముకు తలుపు లేదని కూడా ఒక లైను రాయి దాంట్లోనే."

అయినా తీశాడు. మడత పెట్టాడు, చక్కగా, చీర మడిచినట్టు. తీసుకుపోయి పై మెట్టు మీద పెట్టాడు. నేను వెనక నడిచి చూశాను. పెట్టేసి నా వైపు చూడకుండా పోయాడు.

నేను చేసింది సరైన పని. ఎవరో ఒకరు సరిగ్గా చెయ్యాలి. ఆమె పడక మీద ఇంకొక మగవాడు పడుకోవడమేమిటి. సరైన పనే.

సెప్టెంబరు 2, సోమవారం

ఉంది. మడత మడతగానే ఉంది. ఎర్రకుక్క దాని పక్కన పడుకుంది, దాని మీద కాదు. రాయి వెయ్యలేదు.

సెప్టెంబరు 11, బుధవారం

వినాయకుల నిమజ్జనం. నీళ్ళు లేని నదిలో గుంత తవ్వి, ట్యాంకర్లతో నీళ్ళు పోశారు. వినాయకుడికి ట్యాంకరు వచ్చింది. డప్పులు, రంగులు, పెద్ద పెద్ద స్పీకర్లు. మోకాటి లోతు నీళ్ళలో వినాయకులు ఒకరి మీద ఒకరు పడి, సగం మునిగి, తొండాలు పైకి పెట్టి ఉన్నారు. మెట్లంతా జనం. బొంతను తొక్కారు. ఒక పిల్లవాడు దాని మీద కూర్చుని చెప్పుల బురద తుడుచుకున్నాడు.

జనం పోయాక గుంత దగ్గరకు పోయాను. నీళ్ళు ఇంకా ఉన్నాయి, రంగు నీళ్ళు. పై మెట్టు దగ్గర నుంచి కట్టెతో జరుపుకుంటూ వచ్చి దాంట్లోకి తోసేస్తే అయిపోతుంది. నీళ్ళు నీళ్ళే కదా.

ట్యాంకరు నీళ్ళు. బురద. ప్లాస్టరు వినాయకుల కాళ్ళ కింద.

చెయ్యలేదు. ఇంటికి వచ్చాను.

సెప్టెంబరు 18, బుధవారం

కోపం తగ్గడం లేదు. రెండో అర్జి రాశాను. ఇది పెద్దది. మొన్న చిక్కబళ్ళాపురం పోయి పై అధికారికి ఒక నకలు ఇచ్చాను, ఈ రోజు ఇక్కడ అర్పితకు ఒకటి. మెట్ల మీద చెత్త గుట్టలు గుట్టలుగా ఉందని రాశాను. మనుషులు రాలేకుండా ఉందని, ఊరికే సిగ్గుచేటని రాశాను. ఏడాదిగా ఎవరి మీద అరవలేదో వాళ్ళందరి మీదా అరిచినట్టు రాశాను.

అర్పిత నిలబడి చదివింది. "మీ అర్జి పని చేసిందప్పా. పై నుంచి ఫోను వచ్చింది. అక్టోబరు రెండు గాంధీ జయంతి కదా, ఆ లోపల పార్కంతా శుభ్రం చేయాల. ఫోటోలు తీస్తారు. మీరూ రావాల, రెండు మాటలు మాట్లాడాల" అంది.

"నేను మాట్లాడను."

"సరే, నిలబడండి చాలు. ఒక మాట చెప్పండి. ఆ మెట్ల మీద పాత బట్టలు, పరుపులు ఉండాయి కదా. అవీ తీసేయాల్నా? ఎవరివన్నా అయితే ఇప్పుడే చెప్పండప్పా. తర్వాత జనం గొడవకు వస్తారు."

గుమాస్తా కూడా తల ఎత్తి చూశాడు. ఆ రోజు నవ్విన వాడే.

"ఎవరివీ కావు" అన్నాను.

కూతురు వయసు పిల్ల ముందు, ఆ గుమాస్తా ముందు, నా భార్య పడుకున్న బొంత అని ఎట్లా చెప్పేది. చెప్తే ఏమంటారు? మరి వదిలి ఎందుకు పోయావప్పా అంటారు. ఏం చెప్పను.

ఇంకా టైము ఉంది. ఆ లోపల కట్టెతో కింద ఇసుకలోకి జరిపేస్తాను. అది పార్కు కాదు, నది. శుభ్రం చేసేది పార్కును.

సెప్టెంబరు 23, సోమవారం

మోటార్లు ఎక్కువ వచ్చాయి. పార్కుకు పోవడానికి కుదరలేదు.

సెప్టెంబరు 24, మంగళవారం

కుదరలేదు.

సెప్టెంబరు 26, గురువారం

పోయాను. మెట్ల మీద నిలబడి చూశాను. జరపలేదు. ఇసుకలో పెడితే మళ్ళీ అదే. మళ్ళీ వదిలేసి రావడం. రెండోసారి నాకు కాలేదు.

సెప్టెంబరు 30, సోమవారం

రేపు పొద్దున బొంత సంగతి తప్పకుండా చూడాలి. ఎల్లుండి పెద్దల అమావాస్య, గాంధీ జయంతి రెండూ. మంజుశ్రీ అమ్మకు పెట్టడానికి వస్తోంది. రేపే.

అక్టోబరు 1, మంగళవారం

తెల్లవారగానే పోయాను. అప్పటికే వచ్చి ఉన్నారు. జేసీబీ ఒకటి, ఆరెంజి చొక్కాల మనుషులు. మెట్లు కడిగి పెట్టారు, నల్లగా మెరుస్తున్నాయి. నదిలో ఒక గుట్ట కాలుతోంది. ప్లాస్టిక్కు, కంపలు, పరుపులు, వినాయకుల చేతులు, కాళ్ళు. పొగ నల్లగా ఉంది.

పోయి గుట్ట చుట్టూ తిరిగాను. ఒక చోట నీలం గుడ్డ కొంచెం కనిపించింది. బడి లంగా నీలం. నేను చూస్తుండగానే ముడుచుకుని పోయింది.

బయ్యప్ప వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నేను అడిగినా కదప్పా, మీ ఇంటిదా అని."

ఒక కట్టె తీసుకుని, నీలం కనిపించిన చోట బూడిద కెలికాను.

"నా దగ్గర ఉండనిచ్చింటే ఉండేది" అన్నాడు.

వాడి గొంతు పట్టుకోవాలని చెయ్యి లేచింది. లేచిన చెయ్యిని ఏం చెయ్యాలో తెలియక తల గోక్కున్నాను. అంగడికి పోయాను. ఒక మోటారు కాయిలు తప్పు చుట్టి మళ్ళీ విప్పాను.

అక్టోబరు 2, బుధవారం

మంజుశ్రీ పొద్దున మొదటి బస్సుకు వచ్చింది. ఇంట్లో వంట మొదలుపెట్టే లోపల పార్కు నుంచి మనిషి వచ్చాడు, మేడం పిలుస్తున్నారని. పోనని చెప్పాను. "నిన్ను పిలిచి ఫోటో తీస్తామంటే పోకుండా ఉంటావా నాయనా, నేనూ వస్తా పద" అని మంజుశ్రీ లేవదీసింది.

గేటుకు కొత్త రెక్క. బెంచీలకు కొత్త చెక్కలు, పచ్చ పెయింటు. కుండీల్లో నర్సరీ పూలు, సాయంత్రానికి తిరిగి పోయేవి. కొళాయి తిప్పారు, నీళ్ళు వచ్చాయి, అందరూ చప్పట్లు కొట్టారు. కొళాయిలో నీళ్ళు వస్తే చప్పట్లు కొట్టే ఊరు మాది. అర్పిత నా పేరు చెప్పి, ఒక సామాన్య పౌరుడి పట్టుదల అని మైకులో ఏదేదో మాట్లాడింది. శాలువా కప్పారు. నేను మెట్ల వైపు చూడకుండా నిలబడ్డాను.

తర్వాత బయ్యప్పతో మంజుశ్రీ మాట్లాడుతుండడం చూశాను. ఆపాలనుకునే లోపలే నా దగ్గరకు వచ్చింది.

"నాయనా, పరగోడు రోడ్డు అన్నావు. దినామూ ఈడికే వస్తాండావంట."

"షుగరు."

"అమ్మ బొంత కోసం వస్తాండావంట. ఆయనతో కొట్లాడినావంట."

"వాడికేం తెలుసు."

"ఆయనకి తెలిసింది. నాకు తెలీలే." ఏడవలేదు. పళ్ళు బిగబట్టి మాట్లాడింది. యశోదకు కోపం వస్తే అట్లాగే మాట్లాడేది. "నీకు అది కావాలంటే ఆ దినమే ఒక మాట చెప్పేకి ఏమైంది? పెదనాయన వద్దంటే నువ్వు సరేనంటావా? నీ పెండ్లానిది అది."

"ఎవరన్నా అడుగుతారని చూసినా."

"ఎవరడగాల?"

"నువ్వు."

మంజుశ్రీ గొంతు పైకి లేచింది.

"నేను మూట కట్టేటప్పుడు బొంత తీసి నా బ్యాగులో పెట్టుకుంటి, తెలుసా నీకు? పెదనాయన చూసి తీయమన్నాడు. నువ్వు వసారాలో కూర్చోనుండావు. నీ మొగం చూసినా నేను. మా నాయన ఒక్క మాట అంటాడు, బిడ్డకు ఇచ్చేయన్నా అంటాడు అని చూసినా. నువ్వు నేల చూస్తాండావు. నీకే పట్టనిది నాకెందుకులే అని మళ్ళ మూటలో పెట్టేసినా."

"నాకు పట్టదా? మీ అమ్మది నాకు పట్టదా?"

అరిచానని నాకు తర్వాత తెలిసింది. మైకు దగ్గర మాట ఆగింది. ఆరెంజి చొక్కాల మనుషులు తిరిగి చూశారు. శాలువా కింద పడింది. ఎవరో తీయబోతే మంజుశ్రీ చెయ్యి అడ్డం పెట్టింది.

"పడితే నాకేం తెలుసు నాయనా? చెప్పినావా ఒక్క దినమన్నా? ఫోను చేస్తే కుక్కరు కూత విని పెట్టేస్తావు."

"పెట్టేసేది నువ్వు."

"నువ్వు మాట్లాడవు కాబట్టి పెట్టేస్తా."

ఇంక దాచడానికి ఏమీ లేదు. బొంత నిన్న గుట్టలో కాలిపోయిందని చెప్పేశాను. అర్జి రాసింది నేనే, మెట్ల మీదివి తీసేయమన్నది నేనే. ఎవరివని అడిగితే ఎవరివీ కావన్నాను అని చెప్పాను. అర్పిత పక్కనే నిలబడి విన్నది.

"నేను అడిగినా కదప్పా" అంది మెల్లగా.

"అడిగినావమ్మా. నీ తప్పేం లేదు."

మంజుశ్రీ దగ్గర ఉన్న బెంచీ మీద కూర్చుంది. "పెయింటు, పెయింటు అమ్మా" అని బయ్యప్ప దూరం నుంచి అరిచేలోపలే కూర్చుంది. అయినా లేవలేదు. నేనూ పక్కన కూర్చున్నాను. పంచె ఎట్లాగూ తెల్లది, పచ్చగా అయింది. అంతమంది చూస్తుండగా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. అది అప్పుడు ఏడ్చింది. నేను కూడా.

ఇంటికి వచ్చి అమావాస్య వంట చేసి పెట్టాం. చాలా ఆలస్యం అయింది. ఆమె ఎప్పుడూ ఆకలికి ఆగేది కాదు, మంజుశ్రీ అదే అంది. అమ్మ గురించి ఇంకా చాలా చెప్పింది. నాకు తెలియనివి కూడా.

అక్టోబరు 3, గురువారం

మంజుశ్రీ ఉంది. బడికి సెలవు పెట్టింది. కోపం పోలేదు, దానికీ, నాకూ. పొద్దున కాఫీలో చక్కెర వేసిందని అరిచాను. షుగరు సంగతి మర్చిపోయానని అది అరిచింది. బాగుంది.

అక్టోబరు 6, ఆదివారం

సుబ్బరాయన్న వచ్చాడు. అమావాస్య ఎట్లా జరిగిందో అడగడానికి వచ్చాడు. కూర్చుని, కాఫీ తాగి, లోపలికి తొంగి చూశాడు.

"లక్ష్మణా, ఆ మంచం ఇంకా ఉండాదేమి? మరిచిపోయినాం మనం. ఆమె పోయిన మంచం ఏడాది తిరిగేలోగా ఇంట్లో నుంచి పోవాల. మనిషిని పంపిస్తా, ఎత్తుకుపోతాడు. పని నువ్వేమీ చేసేది లేదు, చూస్తా ఉండు చాలు."

చూస్తూ ఉండడం నాకు అలవాటే. మంజుశ్రీ వంటింటి గడపలో గ్లాసు పట్టుకుని నిలబడింది. సుబ్బరాయన్న వైపు చూడలేదు. నా వైపే చూసింది.

"మంచం యాడికీ పోదు" అన్నాను.

"ఏమి?"

"పోదు అన్నా. నేను పండుకుంటా దాని మీద."

"బుద్ధి ఉండి మాట్లాడతాండావా? పెద్దోళ్ళు పెట్టింది."

"బొంత పోయింది. నువ్వు చెప్పినావు, నేను నేల చూస్తా కూర్చుంటి, పోయింది. ఇంక ఈ ఇంట్లో నుంచి ఆమెది ఏది పోవాలన్నా నన్ను అడగాల. నా బిడ్డను అడగాల. నీకు మర్యాద ఇస్తా, కాఫీ ఇస్తా. మంచం ఇయ్యను."

సుబ్బరాయన్న లేచాడు. వీధిలో ఎవరితోనో నా మతి చెడిందని చెప్పుకుంటూ పోవడం వినిపించింది. రేపటికి ఊరంతా తెలుస్తుంది. తెలియనీ.

మంచం నవారు వదులైపోయి నడుమ గుంత పడింది. మధ్యాహ్నం నేను ఒక వైపు, మంజుశ్రీ ఒక వైపు పట్టి మొదటి నుంచి బిగించాం.

"ఇంకా లాగు నాయనా."

"లాగుతాండా."

"ఇది లాగేదా? గట్టిగా లాగు."

లాగాను.